అప్ప అనే మాటకు ఎర్రచీటీ

నమోదు 1, సోమవారం

ఇది పలక మీద రాయడం లేదు. పలక మీద "ఎట్లా" అని రాస్తే అది "ఎలా" చేస్తుంది. పోనీలే అనుకోవచ్చు. మొన్న మా పైవాటావాడు నా వడియాల మీద నీళ్ళు పారబోస్తే "నీ మొగం మండ" అని వాడి పలకకు రాసి పంపాను. వాడికి "మీ ముఖము ప్రజ్వలించుగాక" అని చేరింది. ఆశీర్వచనం అనుకున్నాడో ఏమో, అప్పటినుంచి కనబడితే దణ్ణం పెడుతున్నాడు. తిట్టు కూడా సొంతం కాకపోయాక ఇంకేం మిగిలింది? అందుకే నా గోడంతా, తోసిపుచ్చిన దరఖాస్తుల వెనకవైపు పెన్సిలుతో రాసుకుంటున్నాను. దరఖాస్తు మాత్రం కాగితం మీదే పెట్టాలని పాత రూలు ఒకటి ఇంకా బతికుంది.

నా పేరు తిప్పమ్మ. మాది మడకశిర వైపు. ఉండేది ఎగువవలసలో. సముద్రం పైకొచ్చినప్పుడు శ్రీకాకుళం తీరంలోని ఊళ్ళన్నీ మూటాముల్లె నెత్తిన పెట్టుకుని ఎక్కిన గుట్ట ఇది. ఇక్కడి పాత పుస్తకాల గోదాములో అనుమతి కౌంటర్ నాది. పొద్దున్నే తలుపు తీయాలి, అరల్లో వేపాకు పొడి చల్లాలి. సోమవారం మిల్లు లారీ వస్తే ఆ వారం పోవాల్సిన పుస్తకాలు ఎక్కించాలి. మిల్లులో వాటిని నానబెట్టి, రుబ్బి, నారు పోసుకునే కప్పులు చేస్తారు. మా వరండాలో వంగనారు కూడా ఆ కప్పుల్లోనే మొలిచింది. ఒక కప్పు మీద "అయితే రాజుగారు" అన్నంత వరకు కనిపిస్తోంది. రాజుగారు ఏం చేశారో మట్టికే తెలియాలి.

మిగతా పొద్దంతా మనుషులతో వేగడం. కాగితం పుస్తకం కావాలన్నవాళ్ళు దరఖాస్తులో ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు రాయాలి: "పలక ఉండగా పుస్తకం ఎందుకు?" చెల్లే కారణాలు మూడే. పలక చూస్తే కళ్ళు మండే జబ్బు ఉండాలి, లేదా సరస్వతీ పూజకు కావాలి, లేదా ఆ పుస్తకం ఇంకా పలకకు ఎక్కి ఉండకూడదు. ఇంకేం చెప్పినా కుదరదని రాసి పంపేయాలి.

ఈరోజు మొదట పడవ నడిపే ఆయన వచ్చాడు. "పలకలో ఎంత సదివినా సేతికి తెల్దండి. పుస్తకమైతే కుడిసేతి బరువు తగ్గుతూ ఎడంసేతికొచ్చేస్తాది" అన్నాడు. బాగుంది, కుదరదు. తర్వాత ఒక కొత్తకోడలు. ఆమె ఏం చదువుతోందో అత్తగారి పలకలో కనిపిస్తోందట. పాపం, కుదరదు. తర్వాత నున్నగా తల దువ్వుకుని ఒకాయన. వాళ్ళ వీధిలో ఒకావిడకు చదవడానికి పుస్తకం ఇవ్వాలట.

"పలకలో పంపొచ్చు కదప్పా" అన్నాను.

"పలకలో పంపితే, మళ్ళీ అడిగి తెచ్చుకోడానికి వాళ్ళింటికి ఎలాగెల్తానండీ?"

పదకొండేళ్ళుగా ఇక్కడ కూర్చున్నాను, ఇంత తెలివైన కారణం వినలేదు. కుదరదనే రాశాను. నవ్వొచ్చిందా అంటే రాలేదు. ఇది నవ్వాల్సిన చోటు అని మాత్రం తెలిసింది. ఈమధ్య నాకు అన్నీ అట్లా తెలుస్తున్నాయంతే.

నమోదు 2, మంగళవారం

పొద్దున పది గంటలకు ఒక పెద్దావిడ వచ్చింది. పేరు సన్యాసమ్మ. డెబ్భై దాటి ఉంటాయి. మోకాళ్ళ కింద ఉప్పునీళ్ళు తిన్న మచ్చలు.

"అమ్మా, మా సెల్లి గౌరి రాసిన పుస్తకం ఒకటుండాల ఇక్కడ. బళ్ళో పంతులమ్మగా సేసీది. 'మా ఉప్పుమడి' అని రాసి, రెండొందలు అచ్చేయించింది. నా కాడున్నది సంద్రంలోకెల్లిపోనాది. గౌరీ సచ్చిపోనాది, ఆరేళ్ళయింది."

నా పలకలో చూశాను. "ఈ వైశాఖంలోనే పలకకు ఎక్కింది పెద్దమ్మా. ఇంక కాగితం ఎందుకు?"

"ఎక్కింది. ఇన్నాను. నాకు సదువు రాదు, పలకే సదివి ఇనిపించింది. ఆరేళ్ళు ఎదురుసూసినాను దానికోసం. అది తప్పు సదువుతన్నాది."

పలక తప్పు చదవదు. ఆ మాట చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది. అయినా లోపలికి వెళ్ళి వెతికాను. పదిహేడో వరసలో కింద అరలో ఒకే ఒక్క ప్రతి ఉంది. నీలం అట్ట, వంద పేజీలు కూడా ఉండవు. తెచ్చి అలవాటు ప్రకారం సరిచూపు బల్ల మీద పెట్టాను. ఆలోచించి ఉంటే పెట్టేదాన్ని కాదు. ఆ బల్ల ప్రతి పేజీనీ పలక పాఠంతో పోలుస్తుంది. యాస తేడా ఉంటే పట్టించుకోదు. మనిషే మారిపోతే ఎర్రచీటీ కక్కుతుంది. ఎర్రచీటీ పడ్డ పుస్తకం తప్పుల ప్రతి కింద లెక్క. తర్వాతి సోమవారం లారీ ఎక్కాల్సిందే.

ఎర్రచీటీ వచ్చింది. రెండువందల పద్నాలుగు చోట్ల తేడా.

"నన్ను తీసీసి నాన్నని పెట్టీసినారమ్మా" అంటోంది సన్యాసమ్మ. "అప్ప అన్న కాడల్లా నాన్న అంటన్నాది ఆ పలక."

"అప్పంటే నాన్నే కదా" అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఓలమ్మో! అప్పంటే అక్క గదేటి! మీదే ఊరమ్మా? గౌరి నన్ను అప్పా అప్పా అని ఎంటబడి తిరిగీది. మా నాన్న తాగీసి ఏ గట్టు మీద పడిపోయీవోడో మాకే తెల్దు. నాకు పన్నెండో ఏట ఇల్లొదిలి ఎల్లిపోనాడు. ఉప్పుమళ్ళో దిగి దాన్ని సదివించింది నాను. ఇప్పుడు ఊరంతా పలకలో ఇని, మీ నాన్న ఎంత మంచోడే సన్నేసమ్మా అంటన్నారు. నా బతుకంతా తీసుకెల్లి ఆ తాగుబోతోడికి ఇచ్చీసినారు."

నేను పలకనూ పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. పుస్తకంలో, "మా అప్ప నన్ను గట్టు మీద కూర్చోబెట్టి తను మోకాలిలోతు నీళ్ళలో పని చేసేది" అని ఉంది. పలకలో, "మా నాన్న నన్ను గట్టు మీద కూర్చోబెట్టి తను మోకాలిలోతు నీళ్ళలో పని చేసేవాడు." చేసేది అన్నచోటల్లా చేసేవాడు అయింది. వ్యాకరణం ఒక్కచోట కూడా తప్పలేదు.

"కాయితం అయితే మాట మార్సదు గదమ్మా. ఎవరిసేతనైనా సదివించుకుంటాను" అంది.

చెల్లే మూడు కారణాల్లో అది లేదు. రేపు రమ్మన్నాను.

ఒక సంగతి ఇక్కడ రాయాలి. పలకలన్నిటికీ ఒకే తెలుగు ఉండాలని సమపాఠం తయారు చేసినప్పుడు, ఏ ఊరి మాటకు ఏ మాట పెట్టాలో ఖాయం చేసినవాళ్ళం ఇరవైమంది. నా వాటాకు రెండువేల మాటలు వచ్చాయి. ప్రతి మాటనూ మూడు ఊళ్ళలో అడిగి ఖాయం చేయాలని రూలు. నేను అడిగేదాన్ని. విసుక్కున్నవాళ్ళనూ, ఫోను పెట్టేసినవాళ్ళనూ వదలకుండా అడిగేదాన్ని. అప్ప అనే మాట వచ్చినప్పుడు మాత్రం అడగలేదు. తెలిసిన మాటను ఎవరైనా అడుగుతారా? సైకిలు ముందుకడ్డీ మీద కూర్చోబెట్టుకుని, ఇరవై కిలోమీటర్లు తొక్కి, నన్ను పరీక్షకు తీసుకెళ్ళిన మనిషిని నేను అప్పా అనే పిలిచాను. రెండువేల మాటల్లో నేను సంతోషంగా ఖాయం చేసింది అదొక్కటే.

మధ్యాహ్నం అన్నం తిన్నాను. చారు బాగానే ఉంది. నాకేమీ అనిపించలేదు. అనిపించనందుకు కొంచెం భయం వేసింది.

నమోదు 3, బుధవారం

సన్యాసమ్మ తలుపు తీయకముందే వచ్చి బయట బెంచీ మీద కూర్చుంది. నేను మా పైఅధికారి వరాహమూర్తిగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన చెడ్డమనిషి కాదు. ఎవరి జోలికీ పోకుండా రిటైరైపోవాలని చూసే మనిషి.

"సార్, ఈ పెద్దమ్మ దరఖాస్తు పూజ కింద రాసుకుంటాను" అన్నాను. పూజకిచ్చే పుస్తకాన్ని సరిచూడక్కర్లేదు. పూజలో పెట్టిన పుస్తకాన్ని ఎవరూ చదవరు కదా. మేమే మూడువైపులా దారంతో కుట్టేసి ఇస్తాం. ఇంటికెళ్ళి ఆ కుట్లు విప్పుకుంటే చూసేవాళ్ళు లేరు.

ఆయన ఎర్రచీటీ చూశారు. "పూజకైతే చీటీ పడని పుస్తకం ఇవ్వండి తిప్పమ్మగారూ. అమ్మవారికి ఏ పుస్తకమైతే ఏముంది?"

"ఆమెకు ఇదే కావాలంట."

"ఇదే కావాలంటే అది పూజ కాదండీ, చదువు. చదువుకైతే పలకుంది." కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మీకు తెలియనిదేముంది? ఆ మాట ఖాయం చేసిన మనిషి, తప్పు నాదేనని చేత్తో రాసివ్వాలి. అప్పుడే ఆ ప్రతిని ఆపగలం. పదకొండేళ్ళలో ఒక్కళ్ళయినా రాసిచ్చారా? ఎవరు రాస్తారు, ఉద్యోగం పోతుంది, క్వార్టరూ పోతుంది."

"ఎవరూ రాయరు సార్" అన్నాను.

బయటికొచ్చి సన్యాసమ్మకు కుదరలేదని చెప్పాను. ఆవిడ కేకలేస్తుందనుకున్నాను. వేస్తే నాకూ నాలుగు మాటలు అనడానికి వీలుండేది. ఆవిడ మాత్రం, "ఒకపాలి సేతికియ్యమ్మా, సూసి ఇచ్చీస్తాను" అంది. ఇచ్చాను. రెండు చేతులా పట్టుకుని కళ్ళకద్దుకుంది. నా కౌంటర్ మీద రోజుకు వంద పలకలు పెడతారు, తీస్తారు. పలకకు కాలు తగిలినా ఒక్కరూ కళ్ళకద్దుకోగా చూడలేదు. నేనూ అద్దుకోను.

"ఏ పేజీలో ఉంటాను నాను?" అని అడిగింది.

"మొదటి పేజీ నుంచీ ఉన్నావు పెద్దమ్మా."

ఎర్రచీటీ ప్రతిని పైకి చదివి వినిపించకూడదు. తిరిగి తీసుకుని అరలో పెట్టాను.

నమోదు 4, గురువారం

సన్యాసమ్మ వచ్చింది. కూర్చుంది. వెళ్ళింది.

రేవులోంచి ఒకావిడ ఉప్పుచేప తెచ్చి నాకివ్వబోయింది, వాళ్ళాయనకు ఒక పుస్తకం కోసం. పుస్తకం మొహాన పెట్టుకుంటేగానీ ఆయనకు నిద్ర పట్టదట. పలక పెట్టుకుంటే ముక్కు వాస్తోందట. చేప వద్దన్నాను, పుస్తకం కుదరదన్నాను. "నీకు పున్నెముంటాది, నువ్వు నవ్వవేటమ్మా ఎప్పుడూ?" అని చేప తీసుకుని వెళ్ళిపోయింది.

సమపాఠం నాటి కాగితపు దస్తావేజులు తెరిచి చూశాను. అప్ప అనే మాట ఎదుట ఖాయం చేసినవారు: 17 అని ఉంది. నా అంకె పదిహేడే. చూడకముందే తెలుసు. అయినా ఎందుకు చూశానంటే, ఇంకెవరి అంకెయినా ఉంటుందేమోనని చిన్న ఆశ. సిగ్గులేని ఆశ.

ఇంకో పద్నాలుగు నెలలు నోరు మూసుకుంటే రిటైరైపోతాను. క్వార్టర్ ఉంటుంది. మా ఊరికి వెళ్దామన్నా అక్కడ నాకెవరున్నారు? అప్ప పోయి ఇరవై ఏళ్ళయింది. ఎవరి చెల్లెలో ఎవరి అక్కో, నాకేం? ఇట్లా రాసుకుని చూస్తే బాగానే ఉంది. చదువుకుంటే మాత్రం నా మొహాన నేనే ఉమ్మేసుకున్నట్టుంది.

నమోదు 5, శనివారం

నిన్న ఏమీ రాయలేదు. సన్యాసమ్మ రాలేదు. పోనీలే పీడ వదిలింది అనుకోవాలి. పన్నెండు గంటల దాకా బెంచీ వైపే చూస్తూ ఉన్నాను.

ఈరోజు వచ్చింది, కాలు ఈడ్చుకుంటూ. నిన్న వాళ్ళ వీధిలో గౌరమ్మ పేరు మీద సభ పెట్టారట. పలకలో విని అందరూ మురిసిపోయి, ఆ నాన్నకు ఒక ఫోటో సంపాదించి దండ వేశారట. ఆవిణ్ణి ముందు వరసలో కూర్చోబెట్టి, మీ నాన్న గురించి రెండు మాటలు చెప్పమన్నారట.

"ఏం చెప్పినావు?"

"ఏటి సెప్తాను? ఆడు కాదురా, నాను అన్నాను. ముసిల్ది, మతి తప్పింది అనుకున్నారు. నా మనవరాలే నోరు నొక్కీసింది." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఒకోపాలి నాకే అనుమానమొస్తన్నాదమ్మా. పలక అన్నిసార్లు సెప్తే, నిజంగా ఆడే సేసినాడేమో అనిపిస్తన్నాది."

అప్పుడు నాకు కోపం వచ్చింది. ఎన్నాళ్ళకు వచ్చిందో! నా మీద వచ్చిందా, పలక మీదా, ఆ దండ వేసిన దద్దమ్మల మీదా, విడదీసి చెప్పలేను. లోపలికి వెళ్ళి కూర్చుని అలవాటు కొద్దీ పలకే తీసి రాశాను: "అప్ప అంటే అక్క అని నాకు తెలియలేదు. తప్పు నాది." పంపబోయే ముందు ఒకసారి చూసుకున్నాను. పలకలో ఇట్లా ఉంది: "నాన్న అంటే అక్క అని నాకు తెలియలేదు. తప్పు నాది."

మళ్ళీ రాశాను. మళ్ళీ అదే. అప్ప అని విడిగా ఒక్క మాట రాశాను. నాన్న. అక్షరం అక్షరం విడదీసి రాశాను. అది వాటిని ఓపిగ్గా కలిపి, నాన్న చేసింది. నేను నేర్పిన పాఠమే కదా, బాగా ఒంటబట్టించుకుంది. చేత్తో రాసివ్వాలని రూలు పెట్టినవాడికి ఈ సంగతి ముందే తెలిసి ఉంటుంది. పలక పక్కన పడేసి కాగితం తీసుకున్నాను. పెన్సిలు కాదు, పెన్ను. నాలుగు వాక్యాలు రాసి కింద పదిహేడు అని అంకె వేసి, పక్కన నా పేరు రాశాను.

వరాహమూర్తిగారు రెండుసార్లు చదివారు.

"మీరేనా?"

"నేనే సార్."

"నేను చూడలేదనుకుంటాను. తీసుకెళ్ళి చింపేయండి. పద్నాలుగు నెలలు కళ్ళు మూసుకుంటే అయిపోతుంది కదండీ."

"పదకొండేళ్ళు మూసుకునే ఉన్నా సార్. ముద్ర వేయండి."

"పలకల్లో మాట మారదు, తెలుసుగా? మీ కాగితం ఈ ఒక్క ప్రతికే పనికొస్తుంది."

"తెలుసు."

ఆయన ముద్ర వేశారు. క్వార్టర్ నెలలోగా ఖాళీ చేయాలని చెప్పేటప్పుడు ఆయన నా వైపు చూడలేదు. నేను సరేనన్నాను.

నమోదు 6, సోమవారం

లారీ వచ్చింది. నలభై మూటలు ఎక్కించాను. నీలం అట్ట పుస్తకం కౌంటర్ మీదే ఉంది.

సన్యాసమ్మ దరఖాస్తులో కారణం గడి ఇంకా ఖాళీగానే ఉంది. "కాగితం మాట మార్చదు" అని ఆవిడ చెప్పిందే నింపి, వేలిముద్ర వేయించి, పుస్తకం చేతిలో పెట్టాను. ఆవిడ తీసుకుని కదలకుండా నిలబడింది.

"ఎవరు సదువుతారమ్మా? మనవరాలు సదవదు, దానికి సిగ్గు. ఒక్క పేజీ సదువు తల్లీ, నీకు దండం పెడతాను."

ఇప్పుడు చదవొచ్చు, చీటీ చింపేశారు. బెంచీ మీద ఆవిడ పక్కన కూర్చున్నాను. కూర్చున్నాక, చదివే ముందు చెప్పేయాలనిపించింది. చెప్పకుండా చదివితే ఆ మాట నా నోట ఎట్లా పలుకుతుంది?

"పెద్దమ్మా, ఆ మాట మార్చింది నేనే. అప్పంటే నాన్నని ఖాయం చేసింది నేను. మా ఊళ్ళో మా నాన్నను అప్పా అనేదాన్ని. ఎవరినీ అడగలేదు."

ఆవిడ నా వైపు తిరిగింది. తిడుతుందని కాచుకున్నాను. ఏ యాసలో తిట్టినా పడాల్సిందే అనుకున్నాను.

"మంచోడేనేటి, మీ నాన్న?" అని అడిగింది.

"మంచోడే."

"అదురుష్టవంతురాలివి. సదువు."

అట్ట తీశాను. మొదటి వాక్యం చదివాను. "మా అప్ప నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది."

"తొమ్మిదేటి!" సన్యాసమ్మ బెంచీ మీద అదిరిపడింది. "ఎనిమిదే! దానికి నెక్కలెప్పుడొచ్చినాయి గనక? పంతులమ్మంట, పంతులమ్మ!" నవ్వుతోంది, కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు.

పెన్ను నా చేతిలోనే ఉంది. "దిద్దమంటావా పెద్దమ్మా?"

"దాని మాట నువ్వేటమ్మా దిద్దీది? సదువు."

తొమ్మిదేళ్ళు అనే చదివాను.